మాక్స్ బ్రాండ్ పేరుతో రాసినది ఒక్కరేనా?

చిక్కడపల్లి పాఠకుడు:
గత ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద మాక్స్ బ్రాండ్ కౌబాయ్ నవలలు మూడు కొన్నాను. ఒకదానికి అట్ట ఊడిపోతే ఎవరో గోధుమరంగు కాగితం అంటించి పెట్టారు. రచయిత 1944లో మరణించారని ఆ పుస్తకంలోనే ఉండగా, మరొకదానిలో తొలి ముద్రణ 1970ల నాటిదని కనిపిస్తోంది. ఆ పేరుతో వేరెవరైనా రాశారా? తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

పాత పత్రికల అభిమాని:
రాసినది ఒక్కరేనండి. ఆయన అసలు పేరు ఫ్రెడరిక్ షిల్లర్ ఫౌస్ట్. 1892లో సియాటెల్‌లో పుట్టి, చిన్నతనంలోనే తల్లిదండ్రులను పోగొట్టుకుని, కాలిఫోర్నియా పొలాల్లో కూలిపని చేస్తూ పెరిగారు. బర్కిలీలో చదివారు గాని పట్టా పుచ్చుకోలేదు. ఆయన కథలు వారపత్రికల్లో ఎంత విరివిగా వచ్చేవంటే, ఒకే సంచికలో రెండు మూడు రచనలు ఆయనవే ఉండేవి. అందుకని జార్జ్ ఓవెన్ బాక్స్‌టర్, డేవిడ్ మానింగ్, జాన్ ఫ్రెడరిక్ వంటి వేరువేరు కలం పేర్లు వేసేవారు. ఆ సీరియల్స్‌లో చాలా భాగం ఆయన జీవించి ఉండగా పుస్తకాలుగా రాలేదు. తరువాతి ప్రచురణకర్తలు వాటిని ఒక్కొక్కటిగా, పాఠకులకు బాగా తెలిసిన మాక్స్ బ్రాండ్ పేరుతోనే అచ్చువేశారు. మీకు కనిపించిన తేదీల చిక్కు అదే.

మలక్‌పేట మాస్టారు:
సొంత పేరును ఆయన కవిత్వం కోసం అట్టిపెట్టుకున్నారన్న సంగతి కూడా చెప్పుకోవాలి. 1922లో ఒకటి, 1931లో ఒకటి చొప్పున ఆ పేరుతో కవితా సంపుటాలు వచ్చాయి, కాని వాటిని చదివినవారు తక్కువ. ఫ్లోరెన్స్‌లో కాపురం ఉంటూ, ఆ ఇంటి ఖర్చును తాను అంతగా విలువ ఇవ్వని కౌబాయ్ కథలతోనే వెళ్లదీశారు. అయితే వాటిని కూటికోసం రాసినవని తీసిపారేయడం న్యాయం కాదని నా అభిప్రాయం. 1930 నాటి ‘డెస్ట్రీ రైడ్స్ అగైన్’లో తనను జైలుకు పంపిన పన్నెండుమంది జ్యూరీ సభ్యుల మీద పగబట్టి తిరిగివచ్చే మనిషిని చూడండి, గ్రీకు పురాణ వీరుల మీద ఆయనకున్న మక్కువ అక్కడ తెలిసిపోతుంది. గుండెజబ్బు ఉండి కూడా యుద్ధ విలేకరిగా ఇటలీ వెళ్లి, సైనికుల వెంట ముందుకు నడిచి, 1944 మే 12న అక్కడే మరణించారు.

చిక్కడపల్లి పాఠకుడు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ఆ పేజీని మళ్లీ చూశాను. అడుగున సన్నని అక్షరాల్లో, ఈ కథ మొదట జార్జ్ ఓవెన్ బాక్స్‌టర్ పేరుతో పత్రికలో వచ్చిందని ఉంది.