అభివృద్ధి సిద్ధాంతాలను మన పల్లెల అనుభవంతో కలిపి చదవడం ఎలా?

ప్రశ్న: పాలమూరు విద్యార్థిని, మెహదీపట్నం

నేను హైదరాబాదులో అభివృద్ధి అధ్యయనాల్లో ఎంఏ మొదటి సంవత్సరం చదువుతున్నాను. ఆర్థర్ లూయిస్ 1954లో ప్రతిపాదించిన మిగులు శ్రామికుల నమూనా, రోస్టో 1960లో చెప్పిన ఆర్థికాభివృద్ధి అయిదు దశలు, పేద దేశాల వెనుకబాటుకు సంపన్న దేశాలపై ఆధారపడటమే కారణమంటూ లాటిన్ అమెరికా నుంచి వచ్చిన పరాధీనతా సిద్ధాంతం ఈ సెమిస్టర్‌లో వరుసగా చెప్పారు. పరీక్షకు సరిపడా రాయగలను. అయితే మా నాన్నగారు నారాయణపేట దగ్గరి మా ఊరి నుంచి ఇరవై ఏళ్లపాటు ముంబయి, పుణెలకు కట్టడం పనులకు వెళ్లి, ప్రతి తొలకరికీ విత్తనం వేయడానికి తిరిగివచ్చేవారు. లూయిస్ నమూనాలో సేద్యం విడిచిన మనిషి పరిశ్రమలో కుదురుకుంటాడు. మా నాన్నగారు ఎక్కడా కుదురుకోలేదు. సెమినార్ పేపర్ ఈ విషయం మీదే రాయాలని ఉంది. ఏ సిద్ధాంతాన్ని ఆధారం చేసుకోవాలి? ఇన్ని సిద్ధాంతాలను అసలు ఏ పద్ధతిలో చదవాలి?

జవాబు: పరిశోధక విద్యార్థి, గచ్చిబౌలి

ప్రతి సిద్ధాంతమూ ఎవరికో ఎదురైన చిక్కుకు సమాధానంగా పుట్టిందే కాబట్టి, ముందుగా ఆ చిక్కు ఏమిటో ఒక్క వాక్యంలో రాసుకోండి. సెయింట్ లూసియా దీవిలో పుట్టిన లూయిస్‌ను వేధించిన ప్రశ్న, పరిశ్రమలు పెరుగుతున్నా కూలి ఎందుకు పెరగదన్నది. పల్లెల్లో అవసరానికి మించి మనుషులు ఉన్నంతకాలం పొట్ట గడిచే కూలి కంటే కొంచెం ఎక్కువ ఇస్తే చాలునని, ఆ లాభం మళ్లీ పెట్టుబడిగా మారి కొత్త పనులు పుట్టిస్తుందని, మిగులు మనుషులు తరిగిపోయాకే కూలి పెరుగుతుందని ఆయన వాదించారు. పరాధీనతా సిద్ధాంతానికి బాట వేసిన అర్జెంటీనా ఆర్థికవేత్త ప్రెబిష్ 1949లో అడిగింది వేరే ప్రశ్న: పంటలు, ఖనిజాలు అమ్మి యంత్రాలు కొనే దేశాలకు ఆ బేరంలో కాలక్రమేణా నష్టం ఎందుకు వస్తుంది? అది దేశాల మధ్య లెక్క. మీ నాన్నగారి ప్రయాణానికి లూయిస్ ప్రశ్నే దగ్గరది. కూలీలను పనికి తీసుకెళ్లే గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సుతో మొదలై, కట్టడం పూర్తికాగానే ముగిసిపోయే పనిలో మనిషి కుదురుకునే వీలెక్కడ ఉందన్న చోట ఆ నమూనాను నిలదీయండి. పేపర్‌కు అదే బలం అవుతుంది.

జవాబు: విశ్రాంత అధ్యాపకుడు, తార్నాక

అమ్మా, మీకు దగ్గరలోనే ఉన్న ఒక ఊరి పేరు చెబుతాను. పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1975లో మెట్ట ప్రాంతాల గ్రామాల అధ్యయనం మొదలుపెట్టినప్పుడు, నాటి మహబూబ్‌నగర్ జిల్లా నుంచి ఔరేపల్లి, దోకూరులను ఎంచుకుంది. ఊరికి నలభై కుటుంబాలను తీసుకుని, ఊళ్లోనే నివసించే పరిశోధకులు పంట, కూలి, అప్పు, తిండి ఖర్చు ఏళ్ల తరబడి నమోదు చేశారు. ఔరేపల్లితో పాటు మహారాష్ట్రలోని రెండు ఊళ్ల లెక్కలతో ఆర్థికవేత్త రాబర్ట్ టౌన్‌సెండ్ 1994లో రాసిన వ్యాసాన్ని ప్రపంచమంతటా చదువుతారు. ఒక ఇంటి ఆదాయం ఆ ఏడు పడిపోయినా తిండి ఖర్చు అంతగా పడిపోలేదని, ఇరుగుపొరుగు ఇచ్చిపుచ్చుకోవడం వంటి ఆసరాలు చాలావరకు ఆదుకున్నాయని ఆయన గమనించారు. అయితే మూడు ఊళ్లలో ఒకచోట భూమిలేనివారికి ఆ రక్షణ తక్కువగా ఉందని కూడా చూపించారు. పాలమూరు పల్లె ప్రపంచ స్థాయి చర్చకు ఆధారమైందన్న సంగతి మన విద్యార్థులకే తెలియకపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. వానలు ఊరందరికీ ఒకేసారి మొహం చాటేస్తే ఇచ్చిపుచ్చుకోవడానికి ఎవరి దగ్గరా ఏమీ మిగలదు. వలస అక్కడి నుంచే మొదలవుతుందేమో పరిశీలించండి.

జవాబు: గ్రంథాలయ పాఠకుడు, చిక్కడపల్లి

చరిత్రను 1950ల నుంచి మొదలుపెట్టకండి. దాదాభాయ్ నౌరోజీ 1867-68 నాటి భారతీయుని తలసరి ఆదాయాన్ని ఏడాదికి సుమారు 20 రూపాయలుగా లెక్కగట్టి, దాన్ని జైలు ఖైదీ తిండిబట్టల ఖర్చుతో పోల్చి చూశారు. పరాధీనతా సిద్ధాంతాన్ని చదివే ముందు ఆయన రాసిన ఆ లెక్కలు చదవండి.

ప్రశ్న వేసిన విద్యార్థిని

ముగ్గురికీ నమస్కారాలు. సార్, మా నాన్నగారు మేస్త్రీ దగ్గర తీసుకున్న అడ్వాన్సులను సంవత్సరాల వారీగా రాసుకున్న చిన్న పుస్తకం ఇంట్లో ఉంది. ఈ ఆదివారం ఊరికి వెళ్లి దాన్ని తెచ్చుకుంటాను. ఆ సంవత్సరాలను మా మండలం వర్షపాతం లెక్కల పక్కన పెట్టి, కరువు ఏడు తీసుకున్న అడ్వాన్సుకూ మంచి ఏడు తీసుకున్న దానికీ తేడా ఉందేమో చూస్తాను.