పోకెమాన్ కార్డుల ప్రపంచ పోటీలు: గెలిచిన డెక్‌ను ఎలా అర్థం చేసుకోవాలి, దాన్నే కొనవచ్చా?

ప్రశ్న

సభ్యులకు నమస్కారం. మాది విజయవాడ. తొమ్మిదో తరగతి చదువుతున్న మా అబ్బాయి పోకెమాన్ కార్డుల ఆటను ఫోనులో ఆడుతూ, ఏటా ఆగస్టులో జరిగే ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఆటలను ఎంతో శ్రద్ధగా చూస్తున్నాడు. వాడి పక్కన కూర్చుని చూడాలన్న కోరికతో నేనూ నియమాలు నేర్చుకున్నాను. డెక్‌లో అరవై కార్డులుంటాయని, ఎదుటివారి పోకెమాన్‌ను పడగొట్టినప్పుడల్లా మన ఆరు ప్రైజ్ కార్డుల్లోంచి తీసుకుంటామని, అవి ముందుగా ఎవరికి అయిపోతే వారు గెలుస్తారని తెలిసింది. అయినా ప్రసారం మొదలై వ్యాఖ్యాత రెండు డెక్‌ల పేర్లు చెప్పగానే మా వాడు "ఇతనికి కష్టమే" అనేస్తాడు. ఆ కష్టం ఎక్కడుందో నాకు అంతుపట్టడం లేదు.

ప్రపంచ విజేత ఆడిన డెక్ అన్నిటికన్నా బలమైనదే అయి ఉండాలి కదా, మరి అందరూ వెంటనే దాన్నే ఎందుకు ఆడరు? ఒక డెక్ జాబితా కనిపిస్తే అందులో ఏం చూడాలి? వాడి పుట్టినరోజుకు విజేత డెక్‌ను అసలు కార్డులతో కొనిద్దామనుకుంటున్నాను, అది సరైన ఆలోచనేనా? తెలిసినవారు కాస్త వివరంగా చెప్పగలరు.

మొదటి జవాబు

నమస్కారమండీ. మీ మొదటి సందేహంలోనే మిగతా రెండింటికీ మూలముంది కాబట్టి దాని గురించే ఎక్కువగా రాస్తాను. ప్రపంచ పోటీలో గెలిచిన డెక్ అన్ని డెక్‌లలోకీ బలమైనదని అనుకోనవసరం లేదు. ఆ మూడు రోజుల్లో ఆ హాలులో ఎక్కువమంది ఏ డెక్‌లు తెస్తారో సరిగ్గా ఊహించి, వాటికి తగిన విరుగుడుగా తెచ్చిన డెక్ అది. స్పిన్‌కు అనుకూలించే పిచ్‌పై ముగ్గురు స్పిన్నర్లతో దిగి గెలిచిన జట్టును చూసి, ప్రతి మైదానంలోనూ ముగ్గురు స్పిన్నర్లే ఉండాలని ఎవరూ అనరు కదా.

2024 ఆగస్టులో హోనలూలూలో జరిగిన పోటీల్లో పెద్ద వయసువారు ఆడే మాస్టర్స్ విభాగాన్ని చిలీ దేశస్థుడు ఫెర్నాండో సిఫుయెంటెస్ గెలుచుకున్నారు. ఆయన డెక్ అంతా ఐరన్ థార్న్స్ ఈఎక్స్ అనే ఒక్క కార్డు చుట్టూ అల్లింది. ఆ కార్డు చేసే దాడికి 140 నష్టమే జరుగుతుంది. పెద్ద పోకెమాన్‌లకు మూడు వందలకు పైగా ప్రాణబలం ఉండే కాలంలో అది గొప్ప సంఖ్యేమీ కాదు. దాని బలం ఎబిలిటీలో, అంటే దాడి చేయకుండానే పనిచేసే ప్రత్యేక శక్తిలో ఉంది. ఐరన్ థార్న్స్ ముందున్న యాక్టివ్ స్థానంలో ఉన్నంతసేపూ, ఫ్యూచర్ రకానికి చెందినవి తప్ప, రూల్ బాక్స్ ఉన్న పోకెమాన్‌లకు, అంటే ఈఎక్స్, వీ, వీస్టార్ వంటి పెద్ద కార్డులకు, ఎబిలిటీలు ఉండవు. ఇద్దరు ఆటగాళ్ళకూ ఈ నియమం వర్తిస్తుంది గాని, నష్టపోయేది మాత్రం ఎదుటివారే.

ఎదురుగా చారిజార్డ్ ఈఎక్స్ డెక్ ఉందనుకోండి. మామూలుగా అయితే చారిజార్డ్ పరిణామం చెంది బల్ల మీదికి వచ్చిన క్షణంలోనే, ఎబిలిటీ వల్ల, డెక్ నుంచి మూడు నిప్పు ఎనర్జీలు (దాడికి ఇంధనంలాంటి కార్డులు) తెచ్చుకుని అదే వంతులో దాడి చేస్తుంది. పక్కనే పిజియట్ ఈఎక్స్ ఉంటే వంతుకొకసారి డెక్‌లోంచి కావలసిన కార్డు ఏదైనా చేతికి తీసుకోవచ్చు. ఐరన్ థార్న్స్ ముందు నిలబడి ఉంటే ఈ రెండూ ఆగిపోతాయి. చారిజార్డ్ దాడికి రెండు నిప్పు ఎనర్జీలు కావాలి, చేతి నుంచి వంతుకు ఒక్క ఎనర్జీయే పెట్టుకోగలరు, కాబట్టి అది కనీసం రెండు వంతులు వేచి ఉండాలి. ఈలోగా ఐరన్ థార్న్స్ ఆటగాడు క్రషింగ్ హామర్ వేసి నాణెం ఎగరేస్తాడు. బొమ్మ పడితే పెట్టుకున్న ఎనర్జీ కూడా పోతుంది. తీరా దాడి చేసినా చారిజార్డ్ ప్రాథమిక నష్టం 180, ఎదుటివారు తీసుకున్న ఒక్కో ప్రైజ్‌కు మరో 30 చొప్పున పెరుగుతుంది. ఐరన్ థార్న్స్ ప్రాణబలం 230 కాబట్టి, ఎదుటివారు రెండు ప్రైజ్‌లైనా తీసుకున్నాక గాని ఒక్క దెబ్బతో అది పడదు. మీ అబ్బాయి "కష్టమే" అన్నది ఇలాంటి చోటే అయి ఉంటుంది.

ఆ ఏడాది బలంగా ఉన్న లూగియా వీస్టార్, రెజిడ్రాగో వీస్టార్ డెక్‌లకూ ఇదే ఇబ్బంది. లూగియా తన ఎబిలిటీతోనే డిస్కార్డ్‌లోంచి, అంటే వాడేసిన కార్డుల కుప్పలోంచి, ఎనర్జీ అందించే ఆర్కియాప్స్‌లను బల్ల మీదికి తెచ్చుకోవాలి. రెజిడ్రాగోకు ఎనర్జీ అందించే ఓగర్‌పాన్ ఈఎక్స్ కూడా ఎబిలిటీ మీదే ఆధారపడుతుంది. అదే సమయంలో కామ్‌ఫీ వంటి చిన్న పోకెమాన్‌తో నడిచే లాస్ట్ జోన్ (ఆట నుంచి పక్కన పెట్టేసిన కార్డుల కుప్ప) డెక్ వస్తే ఐరన్ థార్న్స్ ఎబిలిటీ పెద్దగా అడ్డుపడదు, ఎందుకంటే కామ్‌ఫీకి రూల్ బాక్స్ లేదు. అందువల్ల ఈ డెక్‌ను తీసుకెళ్ళడమంటే, హాలులో పెద్ద ఎబిలిటీల మీద ఆధారపడేవారే ఎక్కువగా ఉంటారని ధైర్యంగా లెక్క కట్టడమే. ఆ లెక్క నాకు గెలుపు కన్నా గొప్పగా కనిపిస్తుంది.

మరి అందరూ ఆ డెక్‌నే ఎందుకు ఆడరన్నారు. కార్డుల ఎడమవైపు కింది మూలలో చిన్న గడిలో ఒక ఆంగ్ల అక్షరం ఉంటుంది. ఇటీవలి కార్డులతోనే ఆడే స్టాండర్డ్ పోటీల్లో ఏ అక్షరాల కార్డులు చెల్లుతాయో ఏటా మారుస్తారు. 2025 ఏప్రిల్ 11న ఎఫ్ అక్షరం కార్డులను తప్పించారు. లూగియా వీస్టార్, రెజిడ్రాగో వీస్టార్, ఆర్కియాప్స్ ఆ అక్షరానివే. ఐరన్ థార్న్స్ హెచ్ అక్షరంది కాబట్టి దానికి ఏమీ కాలేదు. అది వేటాడే పోకెమాన్‌లలో ముఖ్యమైనవి మాత్రం వెళ్ళిపోయాయి. కార్డులో ఒక్క అక్షరం మారకుండానే దాని విలువ మారిపోయింది. ఈ ఆటను అనుసరించడంలో అతి ముఖ్యమైన విషయం ఇదేనని నా అభిప్రాయం.

ఇక జాబితా చదవడం. ముందు పోకెమాన్‌ల పేర్లు కాకుండా, ఒక్కో కార్డు ఎన్ని ప్రతులు ఉన్నాయో చూడండి. ప్రాథమిక ఎనర్జీ కార్డులను మినహాయిస్తే ఒకే పేరుతో నాలుగుకు మించి పెట్టకూడదు. నాలుగు పెట్టారంటే ఆట ఆరంభంలోనే అది కావాలని అర్థం. నాలుగున్న కార్డు మొదటి ఏడు కార్డుల్లో కనీసం ఒకటి వచ్చే అవకాశం దాదాపు 40 శాతం. ఒక్క ప్రతే ఉన్న కార్డు ప్రైజ్‌లలో చిక్కుకుపోయే అవకాశం 10 శాతం. అంత ప్రమాదం ఉన్నా ఒక్కటే పెట్టారంటే, దాన్ని వెతికి తెచ్చే సాధనం ఆ డెక్‌లో ఉండి ఉండాలి, లేదా ఒకానొక ప్రత్యర్థి కోసమే దానికి చోటిచ్చి ఉండాలి. చారిజార్డ్ డెక్‌లలో ఒంటరి కార్డులు అన్ని కనిపించడానికి పిజియటే కారణం. పైన చెప్పినట్టు పిజియట్ నోరు మూతపడగానే ఆ ఒంటరి కార్డులన్నీ చేతికందని చోట ఉండిపోతాయి. రెండు జాబితాలు పక్కపక్కన పెట్టుకుని ఈ దృష్టితో చూస్తే, ఆట మొదలుకాకముందే ఎవరికి ఎక్కడ ఇబ్బందో మీకే తెలుస్తుంది.

రెండవ జవాబు

పై సభ్యులు చెప్పినదానితో చాలావరకు ఏకీభవిస్తున్నాను. అయితే విజేత ప్రతిసారీ విరుగుడు డెక్‌తోనే గెలుస్తారన్న అభిప్రాయం కలగకూడదని ఒక మాట రాస్తున్నాను. 2023లో యొకొహామాలో జరిగిన ఫైనల్‌లో అమెరికాకు చెందిన వాన్స్ కెల్లీ, నార్వేకు చెందిన టోర్డ్ రెక్లెవ్ ఇద్దరూ మ్యూ వీమ్యాక్స్‌నే ఆడారు. ఆ కార్డు 2021 నవంబరులో వచ్చింది, అప్పటికి దాన్ని ఎదుర్కోవడం అందరికీ తెలుసు. తెలిసిన డెక్‌ను అతి నేర్పుగా నడిపిన ఇద్దరు చివరికి మిగిలారు. కొత్తగా నేర్చుకునే పిల్లవాడికి ఇలాంటి ఫైనల్ చూపడం మేలు, ఎందుకంటే డెక్‌లు ఒకటే అయినప్పుడు తేడా అంతా నిర్ణయాల్లోనే కనిపిస్తుంది.

ఇంకొక సూచన. ఒక్క విజేత జాబితాతో ఆగకుండా, రెండో రోజుకు చేరినవారిలో ఏ డెక్ ఎంతమంది ఆడారో చూడండి. మొదటి రోజు విస్తారంగా కనిపించి రెండో రోజుకు పలచబడిన డెక్ గురించి ఆలోచిస్తే ఎంతో తెలుస్తుంది. అధికారిక పోటీల జతలు, పాయింట్లు, జాబితాలు ఆర్‌కే9 సైటులో ఉంటాయి. జాబితాలను వరుసగా పేర్చి చూపేది లిమిట్‌లెస్ సైటు. అక్కడ జపాన్ స్థానిక పోటీల ఫలితాలు కూడా దొరుకుతాయి. జపాన్‌లో కొత్త కార్డులు ముందుగా వస్తాయి కాబట్టి, ఇక్కడ రాబోయేది అక్కడ ముందే కనిపిస్తుంది. కాని అక్కడి పోటీల్లో చాలావరకు ఒక్క ఆటతోనే గెలుపోటములు తేలిపోతాయి. ప్రపంచ పోటీల్లో మూడింట రెండు ఆటలు గెలవాలి, అదీ యాభై నిమిషాల్లో. సమయం ముగిశాక మరో మూడు వంతులే ఇస్తారు, అప్పటికీ తేలకపోతే డ్రా. గెలుపుకు మూడు పాయింట్లు, డ్రాకు ఒకటే కాబట్టి, ఎదుటివారిని మెల్లగా కట్టడి చేసి గెలిచే నెమ్మది డెక్‌లు ఒక్క ఆట పోటీల్లో రాణించినా ఇక్కడ ఇబ్బంది పడవచ్చు.

ప్రశ్నించినవారు

ఇద్దరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. నిన్న రాత్రి మా వాడితో కలిసి హోనలూలూ ఫైనల్ మళ్ళీ చూశాను. ఐరన్ థార్న్స్ ముందుకు రాగానే ఏం ఆగిపోతుందో వాడి కన్నా ముందు నేను చెప్పడంతో వాడు ఎంతో సంతోషించాడు. కొనుగోలు సంగతి మాత్రం ఇంకా తేలలేదు. ఆన్‌లైన్‌లో "ప్రపంచ ఛాంపియన్‌షిప్ డెక్" అన్న పేరుతోనే ఒక పెట్టె కనిపించింది. అది తీసుకోవచ్చా? అలాగే రాబోయే పోటీలు మన సమయం ప్రకారం ఎప్పుడు వస్తాయో కూడా చెప్పగలరా?

మూడవ జవాబు

ఆ పెట్టెలను కంపెనీవారే 2004 నుంచి, పోటీలు జరగని 2020, 2021 తప్ప, ఏటా తెస్తున్నారు. ఆ ఏటి పోటీల్లో బాగా ఆడినవారి డెక్‌లనే యథాతథంగా ముద్రించి, ఆటగాడి సంతకం కూడా కార్డు మీద వేస్తారు. ఇంట్లో మీరిద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఆడుకోవడానికి, ఒక ప్రపంచ స్థాయి డెక్ ఎలా కదులుతుందో చేతులతో తెలుసుకోవడానికి అంతకన్నా చవకైన మార్గం లేదు. కాని వాటి వెనుక వైపు మామూలు కార్డుల్లా ఉండదు, అందుకని అధికారిక పోటీల్లో వాటిని అనుమతించరు. మీ అబ్బాయి ఎప్పటికైనా పోటీకి వెళ్ళాలనుకుంటే ఆ సంగతి ముందే చెప్పి ఇవ్వండి, లేకపోతే పాపం చిన్నబుచ్చుకుంటాడు.

పోటీకి పనికొచ్చే అసలు డెక్ కొనాలనుకుంటే కొంచెం ఆగమని నా సలహా. ముందుగా పోకెమాన్ టీసీజీ లైవ్ యాప్‌లో ఆ జాబితాను యథాతథంగా అతికించుకుని వాడిని కొన్ని వారాలు ఆడనివ్వండి. లేని కార్డులను యాప్‌లో ఆడి సంపాదించిన క్రెడిట్లతో తయారుచేసుకోవచ్చు. ఆ డెక్ వాడి ఆలోచనా తీరుకు నప్పుతుందో లేదో అప్పటికి తెలుస్తుంది. ఆ తరువాత కొనేటప్పుడు మూలలో ఉన్న అక్షరం చూడండి. త్వరలో తప్పించబోయే అక్షరానికి ఎక్కువ డబ్బు పెట్టకండి. సీలు వేసిన పొట్లాలు కొని అదృష్టం మీద ఆధారపడటం కన్నా, కావలసిన కార్డులను విడివిడిగా కొనుక్కోవడమే చవక. మన ఊళ్ళలో బొమ్మల దుకాణాల్లో పది, ఇరవై రూపాయలకు దొరికే మెరుపు కార్డులు దాదాపు అన్నీ నకిలీవే. అక్షరాలు మసకగా ఉండటం, దాడి సంఖ్యలు అసంబద్ధంగా ఉండటం, వెనుక నీలం రంగు వెలిసినట్టు కనిపించడం వాటి లక్షణాలు. ఒకే కార్డును అధికారిక సైటులోని బొమ్మతో పోల్చి చూస్తే తేడా వెంటనే తెలిసిపోతుంది.

సమయం సంగతి. 2026 పోటీలు ఆగస్టు 28 నుంచి 30 వరకు శాన్ ఫ్రాన్సిస్కోలో జరుగుతాయని ప్రకటించారు. ఆగస్టులో అక్కడి సమయం మనకన్నా పన్నెండున్నర గంటలు వెనుక, అంటే వారికి ఉదయం తొమ్మిదైతే మనకు అదే రోజు రాత్రి తొమ్మిదిన్నర. తొలి రౌండ్లు పడుకోబోయే ముందు కొంతసేపు చూడవచ్చు. ఆదివారం ఆడే ఫైనల్ మాత్రం మనకు ఆదివారం రాత్రి పొద్దుపోయాక గాని సోమవారం తెల్లవారుజామున గాని రావచ్చు, సోమవారం బడి ఉంటుంది. ఆటలన్నీ తరువాత యూట్యూబులో ఉంచుతారు కాబట్టి రాత్రంతా మేల్కోనక్కరలేదు. అయితే వీడియో పేరులోనూ దాని బొమ్మలోనూ విజేత ఎవరో కనిపించే అవకాశం ఉంది. ముందుగా మీరొక్కరే వెతికి, వీడియో తెరిచి, పూర్తి తెర చేసి ఆ తరువాత వాడిని పిలవండి. ఇద్దరు ఆటగాళ్ళ జాబితాలు దొరికితే ప్రింటు తీసి పక్కన పెట్టుకోండి. ఒంటరి కార్డులకు ముందే గుర్తు పెట్టుకుంటే, అవి బల్ల మీదికి ఎప్పుడు వస్తాయో చూడవచ్చు.