అమ్మ నీరసం తగ్గాలంటే తిండిలో ఇంకేం మార్చాలి?

అందరికీ నమస్కారం. మాది విజయవాడ, పటమట. అమ్మకి 54 ఏళ్లు, గుడ్డు కూడా ముట్టదు. మధ్యాహ్నం అయ్యేసరికి ఒంట్లో ఓపిక ఉండట్లేదు. హిమోగ్లోబిన్ 10.1, ఫెర్రిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ) 9. బి12 కూడా తక్కువే. అది ఆకుకూరల్లో, పప్పుల్లో దొరకదు కాబట్టి డాక్టరు గారు రాసిన మాత్రలు వాడుతోంది. నా ప్రశ్న ఇనుము గురించి.

పెసరట్టు తినగానే కాఫీ తాగే అలవాటు. కాఫీ, టీల్లోని పాలీఫినాల్స్ ఇనుమును ఒంటికి పట్టనివ్వవు, అందుకని గంట ఎడం పెట్టాం. పెసలు రాత్రంతా నానితే, ఇనుముకి అడ్డుపడే ఫైటేట్లు కొంత తగ్గుతాయి, మొలకలొస్తే ఇంకా నయం. పప్పు దించాకే నిమ్మకాయ పిండుతున్నాం, ఉడికేటప్పుడు వేస్తే, ఇనుము ఒంటికి పట్టేందుకు సాయపడే సి విటమిన్ చాలావరకు పోతుంది.

తేలనివి రెండు. రైతు బజార్ మునగాకు నీడలో ఆరబెడితే ఈ ఉక్కకి బూజు వాసన వస్తోంది. ఫ్యాను కింద పలచగా పరిచినా, పైన ఆకు గలగలలాడుతుంది గానీ ఈనెల దగ్గర తడి అలాగే ఉంటోంది. కారప్పొడికి మీరెలా ఎండబెడతారు? రెండోది, మధ్యాహ్నం పప్పన్నం తర్వాత పెరుగన్నం లేనిదే అమ్మకి భోజనం అయినట్టుండదు. కాల్షియం ఇనుముకి అడ్డమే కదా, పెరుగు రాత్రికి మార్చాలా, లేక కొంచెం తగ్గిస్తే చాలా? తెలిసినవాళ్లు కొలతలతో సహా చెప్పండి, ప్లీజ్.