నా భర్త మౌనానికి మూలం ఆయన బాల్యమేనా?

మాకు పెళ్లయి ఏడాది దాటింది. ప్రేమకు లోటు లేదు, డబ్బుకూ ఇబ్బంది లేదు. మాట పట్టింపు వచ్చిందంటే మాత్రం నా భర్త నోరు మెదపరు, రెండు రోజులైనా ముభావంగానే ఉంటారు. ఆయన ఆరో తరగతి నుంచీ హాస్టల్లో పెరిగారు. సెలవులకు ఇంటికొస్తే మామయ్యగారు మార్కుల గురించి తప్ప మరో మాట మాట్లాడేవారు కాదట. మా పుట్టింట్లో పూర్తిగా వేరు. అమ్మా నాన్నా గట్టిగా అరుచుకునేవారు, గంటలో కలిసి కాఫీ తాగేవారు. అందుకే ఆ మౌనం నన్ను తిట్టుకన్నా ఎక్కువ బాధిస్తుంది. నేను వెంటపడి అడిగేకొద్దీ ఆయన ఇంకా ముడుచుకుపోతారు.

మనస్తత్వ పరిశోధకులు బౌల్బీ, ఐన్స్‌వర్త్‌ల అనుబంధ సిద్ధాంతం (అటాచ్‌మెంట్ థియరీ) గురించి చదివాను. పసితనంలో తల్లిదండ్రుల దగ్గర దొరికిన భరోసాకూ, పెద్దయ్యాక తోడును నమ్మే తీరుకూ సంబంధం ఉందని 1987లో హజాన్, షేవర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు వాదించారు. అది తలరాతేమీ కాదనీ, మంచి బంధంలో ఆ తీరు మారవచ్చనీ కూడా అంటారు. ఎలా మారుతుందన్నదే నాకు అంతుపట్టడం లేదు.

ఇలాంటి ఇళ్లలో పెరిగినవారు, ముఖ్యంగా మగవారు, చెప్పండి: మీరు మౌనంగా ఉన్నప్పుడు భార్య కాసేపు వదిలేయాలా, పక్కన కూర్చోవాలా? ఎవరైనా జంటగా కౌన్సెలింగ్‌కు వెళ్లారా? తెలుగులో మాట్లాడే నిపుణులైతేనే ఆయన వస్తానంటున్నారు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఇలాంటి విషయాలకు ఫోను చేసినవారున్నారా? సర్దుకుపొమ్మని మా అత్తయ్యగారు ఇప్పటికే చెప్పారు, ఆ సలహా మాత్రం వద్దు.