ఫ్లూయెంట్ ఇంటర్‌ఫేస్‌తో కోడ్ నిజంగా చదవడానికి సులువవుతుందా?

ప్రశ్న:
మా కొత్త లైబ్రరీ మొత్తం ఫ్లూయెంట్ ఇంటర్‌ఫేస్‌తోనే రాద్దామని టీమ్‌లో పట్టుబడుతున్నారు. ప్రతి మెథడూ ఒక ఆబ్జెక్ట్‌ని తిరిగిస్తుంది కాబట్టి చుక్క పెట్టి తర్వాతి మెథడ్ పిలవచ్చు, కోడ్ వాక్యంలా చదువుకోవచ్చు అంటున్నారు. లైనుకో పని చేసే మామూలు కోడే నాకు నయమనిపిస్తోంది. మీరేమంటారు?

జవాబు 1:
మీ టీమ్ మాటే కరెక్ట్. సాఫ్ట్‌వేర్ డిజైన్ మీద పుస్తకాలు రాసిన మార్టిన్ ఫౌలర్, ఎరిక్ ఎవాన్స్ 2005లో ఈ పద్ధతికి పేరు పెట్టారు. లిస్టులోని డేటాని వరస అడుగుల్లో వడకట్టి మార్చే జావా 8 స్ట్రీమ్స్ రోజూ వాడుతూనే ఉన్నాం కదా. ఫిల్టర్, మ్యాప్, సార్టెడ్ వరసగా కనిపిస్తే పని ఇట్టే అర్థమవుతుంది. అదే లూప్ రాసి మధ్యలో తాత్కాలిక లిస్టులు పెడితే ఏది ఎక్కడ నిండుతోందో వెతుక్కోవాలి.

జవాబు 2:
స్ట్రీమ్స్ దగ్గర నాకు పేచీ లేదండీ. అక్కడ ఫిల్టర్ పెట్టినా, సార్టెడ్ పెట్టినా అసలు లిస్ట్ మారదు. చిక్కంతా ఆబ్జెక్ట్‌ని మార్చేసి మళ్లీ దాన్నే తిరిగిచ్చే మెథడ్స్‌తోనే. జావాలో అపెండ్ పిలిస్తే స్ట్రింగ్‌బిల్డర్ (అక్షరాలు చేర్చుకుంటూ పోయే ఆబ్జెక్ట్) తనను తానే మార్చుకుంటుంది. తేదీకి రోజులు కలిపే లోకల్‌డేట్ ప్లస్‌డేస్ మాత్రం కొత్త తేదీ ఇస్తుంది, పాతది అలాగే ఉంటుంది. ఇలా చుక్కలతో కలుపుకుంటూ పోయే చెయిన్‌లో రెండూ ఒకేలా కనిపిస్తాయి! తేదీ ఫలితాన్ని వేరియబుల్‌లో దాచుకోకపోతే ఆ లైన్ రాసినా దండగే, కంపైల్ మాత్రం శుభ్రంగా అవుతుంది. పైథాన్‌లో లిస్ట్ సార్ట్ కావాలనే నన్ (None, అంటే ఏ విలువా లేదని) ఇస్తుంది, లిస్ట్ అక్కడికక్కడే మారిందని మనం మర్చిపోకుండా. కొత్త లిస్ట్ కావాలంటే సార్టెడ్ వేరే ఉంది. ఈ జాగ్రత్త నాకు చాలా నచ్చుతుంది.

ఇంకోటి, మధ్యలో వచ్చే విలువకు చెయిన్‌లో పేరుండదు. ‘గడువు దాటిన బిల్లులు’ అనే అర్థం వచ్చే వేరియబుల్ ఒక్కటి పెడితే, చదివేవాళ్లకు ఆ ఫిల్టర్ ఎందుకో తెలుస్తుంది. డీబగ్గర్‌లో ఆగి చూసుకోవడమూ తేలిక.

ప్రశ్న అడిగినవారు:
మాది సెట్టింగులు ఎక్కువున్న లైబ్రరీ. టైమ్‌అవుట్, రీట్రై లాంటివి చాలా పెట్టి చివర్లో రిక్వెస్ట్ పంపాలి.

జవాబు 2:
భాష ఏది? పైథాన్, కోట్లిన్ అయితే ఆర్గ్యుమెంట్లకు పేర్లు రాసే వీలుంది, సెట్టింగులు ఒక్కొక్కటిగా చెయిన్‌లో పెట్టి చివర బిల్డ్ మెథడ్‌తో ఆబ్జెక్ట్ తయారుచేసే బిల్డర్ అక్కర్లేదు. జావాలో ఆ వీలు లేదు కాబట్టి సెట్టింగుల వరకు చెయిన్ పెట్టండి, బిల్డ్‌తో ఆపేయండి. పంపడం మాత్రం వేరే లైన్‌లో ఉండాలి. ఫెయిలయ్యేది అదే, ఎర్రర్ చూసుకోవాల్సిందీ అక్కడే.