జీవో 3 మళ్ళీ తేవాలంటే రాజ్యాంగ సవరణ కావాలా?

ప్రశ్న (శ్రీకాకుళం): సీతంపేట ఏజెన్సీలో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చిన 2000 నాటి జీవో 3ను సుప్రీంకోర్టు 2020లో కొట్టేసింది కదా. గిరిజన ప్రాంతాల పాలన గురించి చెప్పే రాజ్యాంగంలోని ఐదో షెడ్యూల్‌ను మారిస్తే సరిపోతుందా మాస్టారూ?

జవాబు 1: ఐదో షెడ్యూల్ మార్చడం తేలికేనండి. దాని 7వ పేరా ప్రకారం పార్లమెంటు మామూలు మెజారిటీతో మార్చుకోవచ్చు, అది రాజ్యాంగ సవరణ పద్ధతి చెప్పే 368వ అధికరణం కింద సవరణ లెక్కలోకి రాదు. చిక్కు అక్కడ లేదు. 5వ పేరా కింద గవర్నర్ చట్టాలను మార్చగలరు గానీ, 309వ అధికరణం కింద చేసిన ప్రభుత్వోద్యోగుల సర్వీసు నిబంధనలను కాదని ఐదుగురు జడ్జీలు తేల్చారు. పైగా నూటికి నూరు రిజర్వేషన్ సమానత్వం, ప్రభుత్వోద్యోగాల్లో సమాన అవకాశం చెప్పే 14, 16 అధికరణాలకు విరుద్ధమన్నారు.

జవాబు 2: 16వ అధికరణాన్ని ముట్టుకోవాలంటే 368 దారే. లోక్‌సభలో 543 మందీ ఉంటే సగానికి పైన, అంటే 272 ఓట్లు తప్పనిసరి. హాజరై ఓటేసినవాళ్ళలో మూడింట రెండొంతులు కూడా రావాలి. 450 మంది ఓటేస్తే 300. రాజ్యసభలోనూ అంతే. దీనికి రాష్ట్రాల ఆమోదం అక్కర్లేదు.

జవాబు 1: పార్లమెంటులో గట్టెక్కినా, రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని సవరణతోనూ దెబ్బతీయకూడదన్న కేశవానంద భారతి తీర్పు (1973) ఉంది. సమానత్వపు మౌలిక స్వరూపం దెబ్బతింటోందని మళ్ళీ కోర్టుకెక్కుతారు. నూరు శాతం పట్టు వదిలి, లెక్కలు చూపించి తక్కువ శాతం అడగడమే నయం.