అప్‌డేట్: రాజీ పత్రంలో తగాదా పడ్డవాళ్లను ఇంగ్లీషులో ఏమనాలి

ముగ్గురు అన్నదమ్ముల పొలం గట్టు తగాదాపై రాసుకున్న రాజీ పత్రాన్ని ఇంగ్లీషులోకి మార్చాలి, వాళ్లను ఏమని రాయాలని అడిగాను. జవాబిచ్చిన అందరికీ ధన్యవాదాలు. ‘పార్టీస్ టు ది డిస్ప్యూట్’ ఖాయం చేశాం. ఇక్కడ ‘టు’ బదులు ‘ఆఫ్’ నప్పదు. ‘డిస్ప్యూటింగ్ పార్టీస్’ తప్పు కాదు గానీ, రాజీ కుదిరాక కూడా గొడవ నడుస్తున్నట్టు ధ్వనిస్తుంది.

అసలు చిక్కు మూడో సోదరుడి దగ్గర వచ్చింది. ఫస్ట్ పార్టీ, సెకండ్ పార్టీ తర్వాత వరసలో ‘థర్డ్ పార్టీ’ అని రాస్తే ఒప్పందంతో సంబంధం లేని బయటివాడని అర్థం! అందుకే పార్టీ ఏ, బీ, సీ అని మొదటి పేరాలోనే పేర్ల పక్కన రాసి, చివరిదాకా అవే వాడాం. ‘బోత్ పార్టీస్’ ఇద్దరికే చెల్లుతుంది. ముగ్గురు కాబట్టి ‘ఆల్ ది పార్టీస్’.

కేసు నడుస్తుంటే మాత్రం ఆ రికార్డులోని పేరే వాడాలి (ప్రతి జతలో ముందుది కేసు వేసినవారికి, తర్వాతది ఎదుటివారికి): సివిల్ దావాలో ప్లెయింటిఫ్, డిఫెండెంట్, వినియోగదారుల కమిషన్‌లో కంప్లెయినెంట్, ఆపోజిట్ పార్టీ, ఆర్బిట్రేషన్‌లో (మధ్యవర్తి తీర్పు చెప్పే పద్ధతి) క్లెయిమెంట్, రెస్పాండెంట్. ‘అక్యూజ్డ్’ (నిందితుడు) క్రిమినల్ కేసుల మాట, గట్టు తగాదాలో దాన్ని రానివ్వకండి.